పనిరాక్షసుడు అంటే మంచోడా, చెడ్డోడా?

పోయిన వేసవిలో తిరుపతికి బయల్దేరేటప్పుడు మా పాప సంచిలో ఒక లావాటి పుస్తకం పెట్టాను. వాల్టర్ ఐజాక్సన్ రాసిన స్టీవ్ జాబ్స్ జీవిత చరిత్ర. పాపకి పద్నాలుగేళ్ళు. మేముండేది అమెరికాలో, సన్నీవేల్‌లో. జాబ్స్ పెరిగిన ఇల్లు, ఆ పేరుమోసిన గ్యారేజీ ఉన్న లాస్ ఆల్టోస్ మాకు పక్క ఊరే. అయినా పాపకి ఆయనంటే ఐఫోన్ చేసిన మనిషి, అంతే. నా లెక్క వేరే. పని మీద ధ్యాస అంటే ఏమిటో నేను చెప్తే వినదు, పుస్తకం చెప్తే వింటుందేమోనని.

పుస్తకం చెప్పింది. కాకపోతే నేననుకున్నది కాదు.

మా నాయన దర్జీ. గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో, గాంధీ రోడ్డు పక్క సందులో కొట్టు ఉండేది. చూపు ఆనక కొట్టు ఎత్తేశాడు గానీ కుట్టుమిషను మాత్రం ఇంటికి తెచ్చి కిటికీ పక్కన పెట్టుకున్నాడు. ఎండకి ఎవరూ గడప దాటలేని మధ్యాహ్నాల్లో నాయన దాని ముందు కూర్చుని దిండు గలీబులు కుట్టేవాడు. పాప చాప మీద బోర్లా పడుకుని చదువుకునేది.

"ఏం చదవతా ఉండావు పాపా?" అన్నాడు ఒకరోజు.

అట్లా మొదలైంది. తాతకి ఇంగ్లీషు రాదు, మనవరాలికి తెలుగు అంతంత మాత్రం. వారం వారం తెలుగు బడికి పంపినా అది అందరినీ 'అది' అనే అంటుంది. "స్టీవ్ కాలేజ్ మానేసింది తాతా. ఫ్రెండ్స్ రూమ్‌లో కింద పడుకుంది. ప్రతి సండే ఏడు మైళ్ళు నడిచి హరేకృష్ణ గుడికి వెళ్ళి అన్నం తినింది."

నాయన మిషను ఆపాడు. "ఏడు మైళ్ళంటే?"

పదకొండు కిలోమీటర్ల పైమాటే అన్నాను వంటింట్లోంచి. అలిపిరి నుంచి కొండ మీదికి మెట్లదారి తొమ్మిది. నాయన మనసులో ఆ రెండూ పోల్చుకున్నట్టున్నాడు. "అంత నడిచినోడికి అన్నం రుచి తెలిసుంటాది" అన్నాడు. రామారావు కొండ మీద అన్నదానం మొదలుపెట్టించిన 1985 సంగతి ఎత్తుకుని అరగంట వదల్లేదు. పాప బుద్ధిగా వింది. వినక ఏం చేస్తుంది, కరెంటు లేదు.

మర్నాడు ఇండియా కథ. 1974లో జాబ్స్ ఇక్కడికొచ్చాడు. వెతుక్కుంటూ వచ్చిన నీమ్ కరోలీ బాబా అంతకు ముందు ఏడాదే పోయారు. విరేచనాలు పట్టుకుని సగమైపోయాడు. హిమాలయాల కింద ఎవరో సాధువు పట్టుకుని గుండు గీశాడు. ఏడు నెలల తర్వాత అమెరికాలో దిగితే, విమానాశ్రయానికి వచ్చిన అమ్మానాన్నలు గుర్తుపట్టలేకపోయారు.

"గుండు కొట్టిస్తే గుర్తుపట్టరా?" నాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. "అట్లయితే మన ఊర్లో ఎవురి పిల్లోళ్ళు ఎవురికీ దొరకరు."

మూడో రోజు కథ నాయనకి బాగా పట్టింది. జాబ్స్‌ని పెంచుకున్న తండ్రి పాల్ చేతిపనులు బాగా తెలిసినవాడు. ఇంటి చుట్టూ కంచె కడుతూ, ఎవరికీ కనిపించని వెనకవైపు కూడా ముందువైపంత శుభ్రంగా ఉండాలని కొడుక్కి చెప్పాడు. ఆ కొడుకు పెద్దయ్యాక మాకింటాష్ కంప్యూటర్ తయారవుతుంటే, లోపలి సర్క్యూట్ బోర్డు అందంగా లేదని ఇంజనీర్లతో గొడవకి దిగాడు. డబ్బా విప్పి ఎవరు చూస్తారని వాళ్ళంటే, నేను చూస్తానన్నాడు. ఆ డబ్బా లోపలే జట్టు వాళ్ళందరి సంతకాలూ చెక్కించాడు.

నాయన లేచి వెళ్ళి బీరువాలోంచి అమ్మ పాత జాకెట్ ఒకటి తెచ్చి, తిరగేసి పాప చేతిలో పెట్టాడు. "చూడు. దర్జీని పైకుట్టు చూసి కాదు, లోపలి కుట్టు చూసి లెక్క కట్టాల. వాడెవుడో గానీ పనిరాక్షసుడు!"

పాప అక్కడ ఆగిపోయింది. "రాక్షసుడు అంటే డీమన్ కదమ్మా. తాత స్టీవ్‌ని తిడుతోందా, పొగుడుతోందా?"

పొగుడుతున్నాడు అన్నాను. అని, వెంటనే నాకే అనుమానం వచ్చింది. మా నాయనని ఊళ్ళో వాళ్ళు ఆ మాటే అనేవాళ్ళు. ఇంట్లో అమ్మా అదే మాట అనేది. రెండు చోట్లా అర్థం ఒకటి కాదు.

పాప ఊరుకునే రకం కాదు. దాని దగ్గర ఇంకో జాబితా తయారుగా ఉంది, పెన్సిల్‌తో గీతలు గీసి మరీ. 1978లో లీసా పుడితే, నా బిడ్డ కాదన్నాడు. పరీక్షలో 94.41 శాతం తండ్రి ఈయనే అని తేలాక కూడా పత్రికల ముందు లెక్కలు తీసి వాదించాడు. నెలకి 385 డాలర్లు ఇమ్మని తేలింది. ఆపిల్ కంపెనీ షేర్లు బజార్లోకి వచ్చి ఆయన కోట్లకి పడగెత్తింది ఆ తర్వాత కొద్ది రోజులకే. అప్పుడు కూడా, ఇండియాలో తనతోపాటు తిరిగిన స్నేహితుడు డేనియల్ కాట్కీకి ఒక్క షేరు ఇవ్వలేదు. జాబ్స్‌తో కలిసి ఆపిల్ పెట్టిన వాజ్నియాక్ మాత్రం తన షేర్లలోంచి తీసి అట్లాంటి వాళ్ళకి ఇచ్చాడు. "తనని కూడా పుట్టగానే ఎవరికో ఇచ్చేశారు కదా, మరి తనకి తెలీదా?" అంది పాప. ఈ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. జాబ్స్‌ని కన్న తండ్రికి అప్పుడు ఇరవై మూడేళ్ళు. లీసా పుట్టినప్పుడు జాబ్స్‌కీ ఇరవై మూడే.

గొప్పవాళ్ళు కొంచెం అట్లాగే ఉంటారమ్మా అన్నాను. అనకుండా ఉండాల్సింది. దాని బళ్ళో గోడ మీద రాసి ఉంటుంది, మాటతో కూడా మనిషిని కొట్టకూడదని. నేను పెరిగిన ఇంట్లో, పెద్దవాళ్ళు తిడితే మన మంచికే. ఆ మంచి ఏమిటో ఎవరం అడిగేవాళ్ళం కాదు. ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. జాబ్స్ కోపాన్ని నేర్చుకున్న మేనేజర్లని చాలామందినే చూశాను, ఒకాయన నల్ల టీషర్టు కూడా మార్చేవాడు కాదు. బోర్డు లోపలి గీతల కోసం పోట్లాడిన వాడిని ఇంకా చూడలేదు.

"తాతా, నువ్వు కూడా పనిరాక్షసుడా?"

నాయన దారం ఎక్కిస్తున్నాడు. జవాబు వంటింటి గడప మీద చెనక్కాయలు ఒలుస్తున్న మా అమ్మ దగ్గర్నుంచి వచ్చింది. "అడగవే తల్లీ, బాగా అడుగు. కాజాల పిల్లోడి కత చెప్పమను."

ఆ కథ నాకు తెలుసు. కొట్లో కాజాలు కుట్టడానికి ఒక పిల్లాడు చేరాడు, పన్నెండేళ్ళుంటాయేమో. దీపావళి ముందు రాత్రి, ఒక చొక్కాకి కాజాలు వంకరగా పోయాయని నాయన చెక్క స్కేలుతో వాడి వేళ్ళ మీద కొట్టాడు. ఆరు కాజాలూ ఊడదీయించి, మళ్ళీ కుట్టించి, అర్ధరాత్రి దాటాక ఇంటికి పంపాడు. ఆ రాత్రి నేనూ కొట్లోనే ఉన్నాను, నా పావడా ఎప్పుడు కుడతాడా అని గుడ్డల మూట మీద కూర్చుని. పండగకి ఊరందరి బట్టలూ అయ్యాయి. నా పావడా కార్తీక పౌర్ణమికి అయింది. లోపలి కుట్టు మాత్రం ఎంత బాగుందో.

అమ్మ నా పావడా సంగతి ఎత్తలేదు. పిల్లాడి సంగతి మాత్రం చెప్పింది. పాప మెల్లగా లేచి కూర్చుంది.

"తాతా, సారీ చెప్పావా?"

"ఎందుకు? ఇప్పుడు వాడికి సొంత కొట్టుండాది. నలుగురు పనోళ్ళు ఉండారు."

"అది ఆన్సర్ కాదు తాతా."

తాతతో అట్లాగేనా మాట్లాడేది అని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ జవాబు నాక్కూడా కావాలి. నాయన ఏమీ అనలేదు. మిషనుకి మూత పెట్టి, చెంబు తీసుకుని తులసి చెట్టుకి నీళ్ళు పోయడానికి పోయాడు. నాలుగు గంటలకి, అంత ఎండలో.

ఆ రాత్రి మిద్దె మీద పడుకున్నాక పుస్తకం నేను తీశాను. జాబ్స్ ఐజాక్సన్‌తో నలభైసార్లకు పైగా కూర్చుని మాట్లాడాడు. రాసిన దాన్ని తను చూడనని ముందే చెప్పాడు. ఇదంతా ఎందుకని అడిగితే, నా పిల్లలకి నేనేమిటో తెలియాలి, వాళ్ళ దగ్గర అన్నివేళలా లేను కదా, ఎందుకు లేనో తెలియాలి అన్నాడు. 2011 అక్టోబర్ 5న పోయాడు. పుస్తకం అదే నెలలో వచ్చింది. ఫోను వెలుగులో ఆ భాగం రెండుసార్లు చదివాను. మధ్యలో ఆఫీసు నుంచి మెసేజ్ వస్తే, సెలవులో ఉండి కూడా జవాబు కొట్టాను. పక్కన పాప మేలుకునే ఉందని తర్వాత తెలిసింది.

మూడు రోజుల పాటు కథలు లేవు. నాలుగో రోజు మధ్యాహ్నం నాయన మిషను దగ్గర కూర్చుని, తొక్కకుండా, కిటికీలోంచి చూస్తూ అడిగాడు.

"పాపా, ఆ బిడ్డ ఏమాయె? వద్దన్న బిడ్డ."

పాప చెప్పింది. కంప్యూటర్‌కి లీసా పేరు పెట్టి, నా కూతురి పేరు కాదని చాన్నాళ్ళు బుకాయించాడని, చివరికి ఐజాక్సన్ దగ్గర ఒప్పుకున్నాడని, ఆ పిల్ల హైస్కూలు రోజుల్లో తండ్రి ఇంట్లోనే ఉందని. "ఇప్పుడు పెద్దది తాతా. 2018లో అది కూడా పుస్తకం రాసింది, వాళ్ళ నాన్న గురించి."

"ఆ బిడ్డే రాసిందా?"

"అవును."

నాయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. నా వైపు చూడలేదు.

"అయితే అది తెప్పించు. ఇది చాల్లే, అది చదివి చెప్పు."