పడినట్టుందా, పడిందా?

కార్గో షిప్‌లో క్యాడెట్‌గా చేరిన రెండో నెలలో నోటీసు బోర్డు మీద నా పేరు చూశాను. లైఫ్‌బోట్, ముందు హుక్. అంతకుముందు జరిగిన డ్రిల్‌లో లైఫ్‌జాకెట్ వేసుకుని వరసలో నిలబడ్డాం, బోటు ఇంజిన్ స్టార్ట్ చేసి చూశాం, అంతే. మూడు నెలలకోసారి మాత్రం బోటును నిజంగా నీళ్లలోకి దించి నడపాలి. అది సోలాస్ నియమం, అంటే సముద్రంలో ప్రాణాల భద్రత కోసం దేశాలు చేసుకున్న ఒప్పందంలోది.

నాకు ఈత వచ్చు, సముద్రం గురించి బెంగ లేదు. టెన్షన్ అంతా హుక్కుల గురించే. బోటు రెండు వైర్ల మీద వేలాడుతుంది, ముందొకటి, వెనకొకటి. లోపలున్న ఒక్క లివర్ లాగితే రెండు హుక్కులూ ఒకేసారి వదలాలి. బోటు గాలిలో ఉండగా ఒకటి ఊడిందంటే, రెండోదాని మీద నిలువునా వేలాడుతుంది. ప్రాణం కాపాడాల్సిన బోటులోంచి డ్రిల్ రోజునే పడి చనిపోయినవాళ్లున్నారు. నమ్మకం లేని పాత రకం హుక్కుల్ని మార్చాలని 2011లో సోలాస్‌ను సవరించింది అందుకే.

టైటానిక్ పేరెత్తితే అందరూ బోట్లు చాలలేదనే అంటారు. నిజమే, దాదాపు 2,200 మందికి ఉన్నవి 20 బోట్లు, పట్టేది 1,178 మంది. కానీ మొదట దించిన బోటు సగం కూడా నిండలేదు. ఇప్పుడు మాలాంటి ఓడల్లో ఒక్కో పక్క బోటులోనే అందరికీ చోటుండాలి. ఓడ ఒరిగితే రెండో పక్క బోటు పనికి రాకపోవచ్చు కదా.

డ్రిల్ రోజు అలారం మోగింది: ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. థర్డ్ ఆఫీసర్ ముందుగా ఖాళీ బోటును దించి, పైకి లాగించారు. ఆ తర్వాతే మేం నలుగురం ఎక్కాం. లోపల ఉక్క, డీజిల్ వాసన. సీటుకు 43 సెంటీమీటర్ల వెడల్పు. లైఫ్‌జాకెట్‌తో కూర్చుంటే నలుగురికే మోకాళ్లు తగులుతున్నాయి, పాతికమంది ఎలా పడతారో! దిగడానికి కరెంటు అక్కర్లేదు. బ్రేక్ వదిలితే బోటు తన బరువుకే దిగుతుంది. నీళ్లు తగిలాక లివర్ లాగితే రెండు హుక్కులూ టక్కున వదిలాయి. ఓ ఇరవై నిమిషాలు తిరిగాం. హాయిగానే ఉంది.

తిరిగి ఎక్కించేటప్పుడు వచ్చింది అసలు సంగతి. వైరు రింగు హుక్‌లో వేసి, లివర్ వెనక్కి తోశాను.

"లాక్ పడిందా?" థర్డ్ ఆఫీసర్ అడిగారు.

"పడినట్టుంది సర్."

"పడినట్టుందా, పడిందా?"

నేను నోరు తెరిచేలోపే టార్చితో పాక్కుంటూ వచ్చారు. హుక్ మీదున్న రెండు ఎర్ర గీతలు ఒకదానికొకటి ఎదురుగా రావాలి. నావి వేలెడు దూరంలో ఉన్నాయి. సేఫ్టీ పిన్ సగమే దిగింది. నా చెమట అక్కడే ఆరిపోయింది. మళ్లీ విప్పి, మళ్లీ వేశాను. ఈసారి పిన్ దానంతటదే జారి దిగింది. హుక్ ఊడినా బోటు పడకుండా అదనపు బెల్టులు తగిలించాక, అర మీటరు ఎత్తి ఆపించి, రెండు హుక్కులూ ఇంకోసారి చూసిగానీ పైకి లాగనివ్వలేదు.

లాగ్‌బుక్‌లో దీని గురించి రెండు లైన్లు. నాకు మాత్రం ఆ సాయంత్రం ఒక బ్రష్షు, కొత్త గ్రీజు డబ్బా ఇచ్చారు. ముందు హుక్ సందులోంచి గట్టిపడిన పాత గ్రీజు, పెయింటు పెచ్చులు పిడికెడు వచ్చాయి.