పట్టీలో సున్నా, పట్టీలో ఖాళీ

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణానికి నేను కొన్నేళ్లుగా లెక్కల ప్రోగ్రాము చూసిపెడుతున్నాను. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో తయారుచేసిన చిన్న డేటాబేస్ అది. రైతు తెచ్చిన సరుకు అమ్ముడుపోగానే ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఎంత తూకం, క్వింటా ధర ఎంత, అందులోంచి ఏమేం కోత పడింది, చివరికి చేతికి వచ్చేది ఎంత అన్న వివరాలతో ఒక పట్టీ అచ్చయి రావాలి. కోతల గడులు మొత్తం 14 పెట్టాను. కమీషన్, హమాలీ, కాటా కూలి, లారీ బాడుగ, గోతాలు, కోల్డ్ స్టోరేజీ అద్దె, అడ్వాన్సు, వడ్డీ, చేతిఖర్చు, ఇంకా అప్పుడప్పుడు పడేవి మరికొన్ని. నిజానికి ఏ రైతుకైనా వీటిలో నాలుగో ఐదో వర్తిస్తాయి. మిగిలిన వరుసలన్నింటిలో 0.00 అని అచ్చయ్యేది. అర ఠావు మీద ముగియవలసిన పట్టీ ఆ సున్నాల వల్ల రెండో కాగితానికి పాకేది.

కాగితం ఖర్చు గురించి యజమాని అడిగినప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. కానీ ఒకరోజు నేను అక్కడ ఉండగానే ఒక పెద్దాయన పట్టీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, వేలితో ఒక్కొక్క వరుసే చదువుకుంటూ వచ్చి, "అయ్యా, నేను మీ దగ్గర రూపాయి అప్పు తీసుకోలేదు గదా, ఇక్కడ వడ్డీ అని ఎందుకు రాశారు?" అని నిలదీశారు. పక్కన 0.00 ఉందని గుమాస్తా గారు చూపించారు. "సున్నా అయితే రాయడం ఎందుకు?" అని ఆయన అడిగిన దానికి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఈ టపాలోని పనంతా ఆ ప్రశ్నతో మొదలైంది.

మొదట అందరూ చేసే పనే నేనూ చేశాను. యాక్సెస్‌లో అంకెల గడికి ఇచ్చే ఫార్మాట్‌లో సెమీకోలన్లతో విడిపోయే నాలుగు భాగాలు ఉంటాయి: మొదటిది ధనసంఖ్యకు, రెండోది రుణసంఖ్యకు, మూడోది సున్నాకు, నాలుగోది నల్‌కు, అంటే అసలు ఏమీ నమోదు కాని గడికి. మూడో భాగంలో జంట కొటేషన్ గుర్తులు మాత్రం పెట్టి మధ్యలో ఏమీ రాయకపోతే సున్నా కనిపించకుండా పోతుంది. పని రెండు నిమిషాల్లో అయింది గానీ ఫలితం మునుపటికంటే అధ్వాన్నంగా వచ్చింది. వరుస అలాగే ఉంది, "వడ్డీ" అన్న మాటా అలాగే ఉంది, దాని ఎదురుగా అంకె మాత్రం లేదు. సున్నా చూసి అనుమానపడిన మనిషి ఆ ఖాళీని చూస్తే, తర్వాత ఏదో రాసుకోవడానికి వదిలిపెట్టారనుకోడా? ఫార్మాట్ అనేది విలువకు వేసిన ముసుగు మాత్రమే. ముసుగు కింద సున్నా ఉన్నంతకాలం రిపోర్టు, అంటే పట్టీని అచ్చువేసే యాక్సెస్ నమూనా, దృష్టిలో ఆ గడి నిండుగా ఉన్నట్టే.

వరుస మొత్తం మాయమై కింది వరుసలు పైకి జరగాలంటే క్యాన్ ష్రింక్ అనే లక్షణం కావాలి. గడిలో ఏమీ లేకపోతే దాని ఎత్తును కుదించుకోవడం దాని పని. అయితే అది పనిచేయడానికి ఉన్న షరతులు తెలియక నాకు ఒక ఆదివారం మొత్తం పోయింది. గడిలో నల్ గానీ ఒక్క అక్షరమూ లేని మాట గానీ ఉంటేనే అది కుదించుకుంటుంది. సున్నాకు కుదించుకోదు, ఎందుకంటే సున్నా ఒక విలువ. గడికి ఒక్కదానికే కాక, రిపోర్టులో ఆ గడి ఉన్న భాగమైన సెక్షన్‌కు కూడా ఆ లక్షణాన్ని అవును అని పెట్టాలి. అదే ఎత్తులో పక్కన మరో వస్తువు, అంటే ఒక లేబుల్ గానీ అందానికి గీసిన నిలువు గీత గానీ ఉంటే వరుస అంగుళం కూడా కదలదు. నా పట్టీలో పేర్లకూ అంకెలకూ మధ్య పైనుంచి కిందిదాకా ఒక చక్కని గీత ఉండేది, దాన్ని తీసేయవలసి వచ్చింది. వరుసకూ వరుసకూ మధ్య వదిలిన తెల్లటి జాగా కుదించుకోదు కాబట్టి వరుసలను ఒకదానికొకటి ఆనించి పెట్టాను.

లేబుల్‌కు క్యాన్ ష్రింక్ ఉండదు. అందువల్ల "వడ్డీ" అన్న లేబుల్‌ను విలువను బట్టి మారగల టెక్స్ట్ బాక్సుగా మార్చి, విలువ సున్నా అయితే నల్, లేకపోతే "వడ్డీ" అని చెప్పే ఐఐఎఫ్ సూత్రాన్ని దానికి మూలంగా ఇవ్వాలి. అంకె గడికీ అలాంటి సూత్రమే. ఇక్కడ కొత్తవారు తప్పకుండా పడే గుంట ఒకటి ఉంది. డిజైన్‌లో ఫీల్డును, అంటే టేబుల్లోని ఒక నిలువు వరుసను, లాగి వదిలినప్పుడు టెక్స్ట్ బాక్సుకు ఆ ఫీల్డు పేరే వచ్చేస్తుంది, ఆ పేరు మార్చకుండా సూత్రం రాస్తే గడి తనను తానే అడిగి తెలుసుకోవాలని చూస్తుంది, అచ్చులో ఎర్రర్ అని వస్తుంది. గడి పేరు మార్చండి, అంతే.

పద్నాలుగు వరుసలకు ఇరవై ఎనిమిది సూత్రాలు రాయడానికి బద్ధకించి, అంతకుముందే నేను దగ్గరిదారి ఒకటి తొక్కాను. ఒక్కో రికార్డును చూపే డీటెయిల్ సెక్షన్‌ను పేజీమీద అమర్చేటప్పుడు నడిచే ఫార్మాట్ ఈవెంట్‌లో, హమాలీ సున్నా అయితే ఆ గడి కనిపించాలా వద్దా అని చెప్పే విజిబుల్ లక్షణాన్ని కాదు అని పెట్టే కోడ్ రాశాను. సున్నా కానప్పుడు మళ్లీ అవును అని పెట్టాలన్న రెండో సగం రాయలేదు. రిపోర్టు ఒక రికార్డు నుంచి ఇంకో రికార్డుకు వెళ్లేటప్పుడు ఆ లక్షణాన్ని దానంతట అది యథాస్థితికి తీసుకురాదు. ఒకసారి దాచమంటే, తీయమని చెప్పేదాకా దాచే ఉంచుతుంది. ఆ ఉదయం అచ్చువేసిన మొదటి రెండు పట్టీలు సరిగానే ఉన్నాయి. మూడో రైతుకు హమాలీ సున్నా. నాలుగో పట్టీ నుంచి అందరికీ హమాలీ వరుస మాయమైంది, కాని నికరంలో మాత్రం హమాలీ కోత పడే ఉంది. పన్నెండు టిక్కీలు, 498 కిలోలు, క్వింటా 14,500 చొప్పున మొత్తం 72,210 అని పైన స్పష్టంగా ఉంది. కింద కనిపించే కోతలన్నీ తీసేస్తే రావలసిన నికరం కంటే అచ్చయిన నికరం తక్కువ. గుమాస్తా గారు కాల్‌క్యులేటర్ పక్కన పెట్టి, "నోటి లెక్కకే తేలుతోంది బాబూ, ఎక్కడో మింగేసింది" అన్నారు. అప్పటికే అచ్చయిన పట్టీలన్నీ చించి మళ్లీ వేశాం. నేను పరీక్షించి చూసినప్పుడు ఇది ఎందుకు దొరకలేదంటే, నా ముందున్న ఒక్క నమూనా రికార్డుతోనే చూసుకున్నాను. పైగా 2007 నుంచి యాక్సెస్‌లో ఉన్న రిపోర్ట్ వ్యూలో ఈ ఫార్మాట్ ఈవెంట్ అసలు నడవదు. ప్రింట్ ప్రివ్యూలో, అచ్చులో మాత్రమే నడుస్తుంది. తెరమీద బాగుందని సంబరపడితే కాగితం మీద వేరే కథ కనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. సున్నాను నల్‌గా మార్చే సూత్రాలు ఇన్ని రాసే బదులు, టేబుల్లోనే సున్నాల చోట ఖాళీలు పెట్టేస్తే క్యాన్ ష్రింక్ దానంతట అదే పనిచేస్తుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది, చేశాను కూడా. మన భాషలో హళ్లికి హళ్లి, సున్నకు సున్న అంటూ రెంటినీ ఒకే గాటన కడతాం గానీ డేటాబేస్‌కు అవి వేర్వేరు. డేటాను టేబుళ్లుగా అమర్చే రిలేషనల్ నమూనాను 1970లో ప్రతిపాదించిన ఎడ్గార్ కాడ్, 1985లో ప్రకటించిన నియమాల్లో మూడోదాన్ని పూర్తిగా దీనికే కేటాయించారు: నల్ అనేది ఖాళీ మాట కాదు, వరుసగా కొట్టిన ఖాళీ జాగాలూ కాదు, సున్నా కూడా కాదు, దానిని వేరుగా, ఒక పద్ధతి ప్రకారం చూడాలి అని. దాని అర్థం నాకు దుకాణంలో తెలిసింది. మొత్తంలోంచి కోతలన్నీ తీసివేసే సూత్రంలో ఒక్క కోత నల్ అయినా జవాబు మొత్తం నల్ అవుతుంది. టేబుల్లో ఖాళీలు పెట్టిన మర్నాడు నికరం గడి తెల్లగా ఉన్న పట్టీ వచ్చింది.

దానికి మందుగా ఎన్‌జెడ్ వాడాను. నల్ వస్తే సున్నాగా తీసుకోమనే ఫంక్షన్ అది. ఈ మందు జబ్బును పైకి కనిపించకుండా చేసింది, అంతే. సాయంత్రం రద్దీలో ఒక లాట్‌కు హమాలీ ఇంకా రాయలేదు. రాయలేదు కాబట్టి నల్. నల్ కాబట్టి ఎన్‌జెడ్ దాన్ని సున్నా చేసింది. సున్నా కాబట్టి వరుస దాగిపోయింది. పట్టీ చూడముచ్చటగా, తప్పుగా బయటికి వెళ్లింది. రైతు ఊరికి వెళ్లిపోయాక ఆ సొమ్మును దుకాణమే భరించింది. హమాలీ పడలేదు అనడం వేరు, హమాలీ ఎంతో ఇంకా తెలియదు అనడం వేరు. మొదటిది జవాబు, రెండోది ఇంకా ఎవరూ జవాబు చెప్పని ప్రశ్న. జవాబును దాచవచ్చు; ప్రశ్నను దాస్తే ఎవరో ఒకరి సొమ్ము పోతుంది.

సీజను చివర ఇంకోటి బయటపడింది. లారీ బాడుగ సగటున రైతుకు ఎంత పడిందని యజమాని అడిగారు. నలుగురిలో ఇద్దరు తమ ట్రాక్టర్లలోనే సరుకు తెచ్చుకున్నారు, మిగిలిన ఇద్దరికి 800, 1,200 పడ్డాయి అనుకోండి. సున్నాలు ఉంటే సగటు 500. సున్నాల చోట నల్ ఉంటే అదే సగటు 1,000, ఎందుకంటే సగటు తీసేటప్పుడు నల్ ఉన్న రికార్డులను లెక్కలోకి తీసుకోరు. పట్టీ అందం కోసం టేబుల్లో వేలు పెట్టినందుకు ఏడాది లెక్క వంకర పోయింది. అప్పటినుంచి టేబుల్లోని విలువ జోలికి వెళ్లడం మానేశాను, దాచడమంతా రిపోర్టులోనే. రిపోర్టు అడుగున ఉండే మొత్తాలు కూడా గడుల పేర్లను కాక ఫీల్డులనే కూడతాయి కాబట్టి పైన వరుసను దాచినంత మాత్రాన కింద మొత్తం మారదు.

దాచమన్నా దాగని సున్నా కూడా ఒకటి తగిలింది. ఒక రైతు అడ్వాన్సు పూర్తిగా తీరిపోయింది, అయినా పట్టీలో అడ్వాన్సు 0.00 అని వస్తూనే ఉంది. ఫీల్డు రకం డబుల్ అని, అంటే దశాంశాలను ఉజ్జాయింపుగా దాచుకునే రకంగా, పెట్టడం వల్ల, విడతలుగా తీసివేసిన తర్వాత ఎక్కడో దశాంశాల అడుగున కంటికి కనిపించని తునక మిగిలింది. కంటికి అది సున్నా, పోలికకు కాదు. కరెన్సీ రకానికి మార్చాక పోయింది. పాత ఎక్సెల్ ఫైళ్లనుంచి తెచ్చిన మాటల గడుల్లో ఒక్క స్పేసు కూర్చుని వరుసను కుదించనివ్వకపోవడం దీనికి తోబుట్టువు. అక్కడ ముందూ వెనకా ఉన్న స్పేసులను కత్తిరించే ట్రిమ్ వాడితే సరిపోతుంది. రిపోర్టులు తయారుచేసే మరో సాఫ్ట్‌వేర్ అయిన క్రిస్టల్ రిపోర్ట్స్ వాడేవారికి సున్నా అయితే అణచివేయమనే ఎంపిక నేరుగానే ఉంటుంది, ఖాళీ సెక్షన్‌ను తొలగించే ఎంపిక కూడా ఉంది. అయితే ఏ సున్నా దాచాలన్న ప్రశ్న అక్కడా మనదే.

చివరికి డిజైన్‌నే మార్చాను. ఒక పట్టీకి 14 గడులు కాకుండా, కోతలకు వేరే టేబుల్ పెట్టి ఒక్కో కోతకు ఒక్కో వరుస రాయడం మొదలుపెట్టాను. లేని కోతకు వరుసే ఉండదు కాబట్టి దాచే పని చాలావరకు తప్పింది. ఆ వరుసలను సబ్‌రిపోర్టుగా, అంటే పట్టీ లోపల ఇమిడే చిన్న రిపోర్టుగా, అచ్చువేస్తున్నాను. ఒక్క కోత కూడా లేని పట్టీలో సబ్‌రిపోర్టులోని కోతల కూడిక రాక నికరం దగ్గర ఎర్రర్ వచ్చేది, హ్యాజ్‌డేటా అనే లక్షణాన్ని ముందు అడిగి, డేటా లేకపోతే సున్నాగా తీసుకోమన్నాక అది సర్దుకుంది. టేబుల్లోంచి రికార్డులను ఏరి తెచ్చే క్వెరీలో "సున్నాకు సమానం కానివి" అని షరతు పెడితే నల్ ఉన్నవి కూడా జల్లెడలోంచి జారిపోతాయి. అందుకే నల్ ఉన్నవాటిని విడిగా అడిగి తెచ్చి, వాటి ఎదురుగా "రాయలేదు" అని పెద్ద అక్షరాలతో అచ్చువేయిస్తున్నాను. అలాంటి పట్టీని గుమాస్తా గారు రైతు చేతికి ఇవ్వరు.

వడ్డీ విషయంలో మాత్రం ఒక మినహాయింపు ఉంచాను. అడ్వాన్సు తీసుకోనివారికి వడ్డీ వరుస రాదు. అడ్వాన్సు తీసుకుని, వడ్డీ పడనివారికి "వడ్డీ 0.00" అని వస్తుంది, ఎందుకంటే వారు ఆ సున్నా కోసమే పట్టీ చూస్తారు. ఇది గుమాస్తా గారి సలహా. ఆయన చేతిరాత ఖాతాల కాలం మనిషి. పాత పుస్తకాల్లో ఖాళీ గడి కనిపిస్తే అడ్డంగా గీత కొట్టందే పేజీ తిప్పేవారు కాదట. ఇప్పుడు పట్టీ అర ఠావులోనే ముగుస్తోంది, కింద సగం తెల్లగా మిగులుతోంది. ప్రింటర్‌లోంచి వచ్చిన ప్రతి పట్టీనీ ఆయన బల్లమీద పెట్టుకుని, చివరి కోతకూ నికరానికీ మధ్య ఉన్న ఆ కాస్త జాగాలో నీలం పెన్నుతో ఒక ఏటవాలు గీత కొట్టి, తర్వాతే సంతకం చేస్తున్నారు.