మా డాబా మీద నాన్న, పైన తొమ్మిది హాక్‌లు

ఏరో ఇండియా విమాన ప్రదర్శన వచ్చిందంటే బెంగళూరు యలహంకలో మా డాబా మీద ఎవరూ బట్టలు ఆరేయరు. 2025 ఫిబ్రవరిలో తిరుపతి నుంచి నాన్న వచ్చారు. ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి, అందులో సగం తిరుమల ఘాట్‌లోనే.

వైమానిక దళం విన్యాసాల బృందం సూర్యకిరణ్ తొమ్మిది హాక్ విమానాలు బాణం మొనలా వాటర్ ట్యాంకు మీదుగా వెళ్తుంటే మెట్ల మీది రేకులు గడగడలాడాయి. పిల్లలు కేకలు. నాన్న నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "పక్కోడు ముందోణ్ణే చూస్తన్నాడు కదమ్మా?" అన్నారు.

నిజంగా అంతే. పక్క విమానం పైలట్ కళ్లు లీడర్ విమానం మీదే ఉంటాయి. దాని మీద రెండు గుర్తులు ఒకే వరసలో కనిపించేలా పట్టుకుంటాడు, వరస చెదిరితే స్టిక్ కొంచెమే కదుపుతాడు. మలుపులో బయటివైపు విమానం ఎక్కువ దూరం తిరగాలి, అందుకే లీడర్ ఇంజిన్ పూర్తి శక్తి వాడడు. వెనకవాళ్లకి కొంత మిగల్చాలి. ఆ మిగిల్చే గుణమే నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది.

2019 ఫిబ్రవరి 19న, షోకి ముందురోజు, ఇక్కడే రిహార్సల్‌లో రెండు హాక్‌లు ఢీకొన్నాయి. వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ చనిపోయారు. మిగతా ఇద్దరు పైలట్లూ ఎజెక్ట్ అయి, అంటే సీటుతో సహా బయటికి ఎగిరి, బతికారు. ఆ పొగ ఈ డాబా మీంచే చూశాను. ఇప్పటికీ తొమ్మిదీ విడిపోయేదాకా నాకు టెన్షనే.

"ఘాట్ దిగేటప్పుడు బ్రేకు వేడెక్కకముందే గేరు తగ్గించేవాణ్ణి," అన్నారు నాన్న, ఇంకా పైకే చూస్తూ. "ప్యాసింజర్లు నిదానం అని తిట్టేవాళ్లు."

తొమ్మిదీ దిగాకే టీ తాగాం.