పసుపు టోపీ రాయి

మా సూర్యాపేటలో పాత హైవే పక్కన, టీ బండి వెనకాల ఒక రాయి ఉంది. పైన పసుపు, కింద తెలుపు, దాని మీద నల్లగా 'విజయవాడ'. దూరం అంకె ఎప్పుడో చెరిగిపోయింది. పసుపుంటే జాతీయ రహదారి, ఆకుపచ్చుంటే రాష్ట్ర రహదారి అని చిన్నప్పుడు మా నాయిన చెప్పేవాడు.

ఇది అప్పట్లో ఎన్‌హెచ్ 9, పుణె నుంచి మచిలీపట్నం దాకా. 2010లో నంబర్లన్నీ మార్చినప్పుడు 65 అయింది. ఆ సంగతి రాయికి ఎవరూ చెప్పినట్టు లేదు. గోటితో గీకితే పెయింటు పొరల కింద తొమ్మిది తోక ఇంకా కనిపిస్తుంది. కొలత కిలోమీటర్లలో, పిలిచేది మాత్రం మైలురాయి! మనమంతే.

ఫొటో తీస్తుంటే టీ బండాయన గ్లాసులు పక్కకు జరిపాడు.

"గా రాయితో ఏం పని సారూ? అది నా స్టూలు."