షెల్ఫ్ కుంగిపోకుండా ఉండాలంటే
పనిగదిలో షెల్ఫ్ అనగానే అందరూ రంగూ డిజైనూ చూస్తారు. నేనైతే ముందు బ్రాకెట్ల, అంటే షెల్ఫ్‌ని కింద నుంచి మోసే ఆధారాల మధ్య దూరం చూస్తాను. 18 మి.మీ. పార్టికల్ బోర్డు (చెక్కపొట్టు జిగురుతో అదిమి చేసే పలక) మీద ఫైళ్లు, పుస్తకాలు వరసగా నింపాలంటే ఆ దూరం 60 సెం.మీ. దాటనివ్వకండి. దూరం రెట్టింపైతే, మీటరుకు అంతే బరువున్నా వంపు 16 రెట్లవుతుంది! అందుకే పొడవాటి షెల్ఫ్‌కి మధ్యలో మూడో బ్రాకెట్ తప్పనిసరి.

గోడ ప్లగ్, అంటే స్క్రూ పట్టుకోవడానికి గోడ రంధ్రంలో కొట్టే చిన్న గొట్టం, ప్లాస్టర్‌లోనే ఆగిపోతే బరువుకి ఊడొస్తుంది. ఇటుకలోకి దిగాలి. రంధ్రంలో దుమ్ము పూర్తిగా తీశాకే ప్లగ్ కొట్టండి, లేకపోతే పట్టు దొరకదు.

ఏ4 ఫైళ్లకు లోతు 30, అరల మధ్య ఎత్తు 35 సెం.మీ. చాలు. రోజూ తీసేవి కూర్చుంటే చేతికందేలా పెట్టుకోండి. ప్రింటర్‌ని మాత్రం గోడ షెల్ఫ్ ఎక్కించొద్దు, దాని కుదుపులకి స్క్రూలు వదులైపోతాయి.