వరద గోదావరిలో ఒక డిటెక్టివ్: మా నోయిర్ కామిక్ అచ్చుకెక్కిన తీరు

నోయిర్ కథలు, అంటే చీకటీ నేరమూ కలగలిసిన కథలు, అమెరికా మహానగరాల్లో పుట్టాయి. ఆ ధోరణిలో ఒక డిటెక్టివ్ కామిక్ సీరీస్‌ను కోనసీమలో నడపాలనుకున్నప్పుడు, బొమ్మల కంటే ముందు నేరమేమిటో తేల్చుకోవలసి వచ్చింది. బ్యాంకు దోపిడీలూ ముఠా నాయకులూ ఇక్కడ అతకవు. నది నడుమ మేటవేసిన లంక భూమి అతుకుతుంది. గోదావరి ఒక ఒడ్డును కోసుకుపోయి మరో చోట మేట వేస్తుంది కనుక, ఒకరి దగ్గర భూమి లేని కాగితం మిగులుతుంది, ఇంకొకరి ముందు కాగితం లేని భూమి తేలుతుంది. ఈ రెంటి నడుమ జరగగల మోసాలు ఒక సీరీస్‌కు చాలినన్ని ఉన్నాయి. అందుకే మా డిటెక్టివ్ సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం ముందు కూర్చునే దస్తావేజు లేఖరి అయ్యాడు. అతని దగ్గర పిస్తోలు ఉండదు. స్టాంపు కాగితాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకొని, దాని మీది చేవ్రాలు ఎవరిదో చెప్పగలడు.

మొదటి సంచికకు 1986 ఆగస్టు వరదను ఎంచుకున్నాను. ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నమోదైన వరద అది. సరిహద్దు రాళ్లు మునిగిపోయి, కరెంటు పోయి, సెల్‌ఫోను ఊసే లేని ఆ రాత్రులలో లాంతరు తప్ప మరో వెలుగు ఉండదు. నోయిర్ బొమ్మకు కావలసిందీ అదే.

బొమ్మలు వేసింది మా డ్రాయింగు మాస్టారు. మునోజ్, సంపాయో అనే అర్జెంటీనా జంట 1975లో మొదలుపెట్టిన ‘అలాక్ సిన్నర్’ కామిక్‌నూ, ఫ్రాంక్ మిల్లర్ 1991లో ఆరంభించిన ‘సిన్ సిటీ’నీ ఇద్దరం ముందు పెట్టుకొని, నలుపు ఎక్కడ ఆగుతున్నదో మాత్రమే చూశాం. “ఇంత నలుపు పోస్తే మనిషి ఎక్కడున్నాడో ఎలా తెలుస్తాదండీ?” అని మాస్టారు మొదట్లో అడిగేవారు. దానితో పద్ధతి మార్చి, ప్రతి పేజీనీ ముందుగా అగ్గిపెట్టెంత కాగితం మీద మార్కరుతో నల్లని ముద్దలుగా వేసుకొని, అక్కడ కథ అర్థమైతేనే పెన్సిలు పట్టాం. కొబ్బరి మట్టల నీడలు మరో తలనొప్పి. ఏ3 కాగితం మీద గీసినది ఏ4 అచ్చులో దాదాపు 70 శాతానికి తగ్గుతుంది. అప్పుడు ఆకుల నడుమ సన్నని తెల్లగీతలు పూడిపోతాయి. మాస్టారు ఆకులను లెక్కగా వేయడం మానేసి, గోడ మీద నాలుగైదు వెడల్పాటి చారలతో మట్టను చూపించారు. సంచిక మొత్తంలో నాకు అన్నింటికంటే నచ్చిన గోడ అది.

స్కానింగు త్వరగానే ముగిసింది. బూడిద ఛాయలు మిగిలితే అచ్చులో గీతల అంచులు చుక్కలుగా విరుగుతాయి కనుక, పేజీలన్నింటినీ శుద్ధమైన నలుపు తెలుపులకు మార్చాం.

అసలు శ్రమ అక్షరాల దగ్గర ఎదురైంది. ఇంగ్లిషు కామిక్స్‌లో మాటలు సాధారణంగా పెద్దక్షరాలలో ఉండటం వల్ల వరుసలు దగ్గరగా ఇమిడిపోతాయి. మన లిపికి పైన గుడులు, కింద వత్తులు. ‘లక్ష్మి’ అన్న ఒక్క పేరు చాలు, కింది వరుసను తోసేయడానికి. మాటలుండే బెలూన్లు పెంచితే బొమ్మ పోతుంది కనుక, నేను రాసిన సంభాషణలనే కోసుకుంటూ వచ్చాను. ఆ కోత వల్ల మా లేఖరి మితభాషి అయ్యాడు, అది పాత్రకు మేలే చేసింది. అక్షరాలకు యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లను పక్కనపెట్టి మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు వాడాం. పాత ఫొటోషాపు వెర్షన్లలో వరల్డ్ రెడీ కంపోజరు అనే అక్షరాల అమరికను ఎంచుకోనిదే వత్తులు అక్షరం కిందికి చేరవని కొత్తగా పూనుకొనేవారు గుర్తుంచుకోవాలి. నల్లని నేల మీది తెల్ల అక్షరాలలోకి ఇంకు పాకుతుంది కాబట్టి అక్కడ లావు ఫాంటే శరణ్యం.

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి. మాకు 32 సరిపోయాయి. ప్రెస్సు ఆయన నమూనా షీటు చూపించి, “ఇంత సాలిడ్ నలుపు 70 జీఎస్ఎం మీద పడితే వెనక్కి కనపడిపోద్దండి, వానాకాలం ఆరదు కూడా, ఆయ్” అన్నారు. షీటును తిప్పి చూస్తే, పడవ నీడ వెనక పేజీలోని డిటెక్టివ్ ముఖం మీద మరకలా కనిపించింది. కాగితాన్ని 90 జీఎస్ఎంకు, అంటే చదరపు మీటరుకు 90 గ్రాముల బరువుకు పెంచి, అచ్చయిన షీట్లను బాగా ఆరనిచ్చాకే మడతకు పంపాం. కాగితానికైన అదనపు ఖర్చును రంగుల అట్ట మానుకొని సర్దుకున్నాం. రెండో సంచిక కథ మండు వేసవి మధ్యాహ్నం, యానాం రేవులో మొదలవుతుంది. అంత ఎండలో నలుపును ఎక్కడ నిలపాలో మాస్టారు ఇంకా అగ్గిపెట్టె బొమ్మల్లోనే తేలుస్తున్నారు.