చక్రాలు దించకుండా దిగడం

రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్ విమానాలను బాగుచేసే షెడ్డులో నేను ఇంజన్ మెకానిక్‌ని. ఇంగ్లండులో కేంబ్రిడ్జ్ పక్కన. దగ్గర్లోనే ఉన్న డక్స్‌ఫర్డ్ విమానాశ్రయం నుంచి స్పిట్‌ఫైర్లు, మస్టాంగ్‌లు ఇప్పటికీ ఎగురుతుంటాయి. వాటిలో చాలావాటికి ఉండేది మెర్లిన్ ఇంజన్. 12 సిలిండర్లు, 27 లీటర్లు, 24 స్పార్క్ ప్లగ్గులు. ఎంత శ్రద్ధగా చూసుకున్నా, కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, కారిపోతే కాసేపటికే వేడెక్కి పాడవుతుంది. విమానానికి ఉన్నది ఆ ఒక్క ఇంజనే.

సంక్రాంతికి ఆదోని దగ్గర మా ఊరికి వచ్చినప్పుడు, నా పనేంటో చెప్పమని చిన్నాయన అడిగాడు. 2017 జూలైలో డక్స్‌ఫర్డ్‌లో ఫ్లయింగ్ లెజెండ్స్ ఎయిర్ షో సమయంలో జరిగింది చెప్పాను. 'మిస్ వెల్మా' అనే పి-51 మస్టాంగ్ ఇంజన్ పనిచేయడం మానేసింది. పైలట్ దాన్ని చక్రాలు దించకుండా పంట చేలో పొట్ట మీద దించి, క్షేమంగా బయటపడ్డాడు.

"చక్రాలుండంగా దించకపోవడం ఏందబ్బీ?" అన్నాడు చిన్నాయన.

"తడి రేగట్లో బండి చక్రం దిగబడితే ఏమైతాది చిన్నాయనా?"

ఆయనకు ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ విమానం గంటకు 100 మైళ్లకు అటూ ఇటూ వేగంతో నేలను తాకుతుంది. మెత్తటి నేలలో చక్రం పట్టేసిందంటే తోక పైకి లేచి, మొత్తం వెల్లకిలా పడుతుంది. పైన ఉండే గాజు కప్పు మట్టిలో దిగబడుతుంది. పైలట్ తలకిందులుగా బెల్టులకు వేలాడుతుంటాడు, చుట్టూ పెట్రోలు కారుతుంటుంది. అందుకే దిగేముందే కప్పు తెరిచేస్తారు లేదా ఊడదీసి పారేస్తారు. పెట్రోలు, మాగ్నెటో (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు ఇచ్చేది) స్విచ్‌లు కట్టేసి, బెల్టులు బిగించుకుంటారు.

"సాళ్ల ఎంబడి దించినాడా, అడ్డంగానా?" అని అడిగాడు తర్వాత.

మా షెడ్డు చూడటానికి వచ్చేవాళ్లలో ఒక్కరూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు. పైలట్లకు నేర్పేది సరిగ్గా ఇదే: దున్నిన చేనైతే సాళ్ల వెంబడే దిగాలి. అడ్డంగా దిగితే ప్రతి గట్టూ ఒక దెబ్బే. శనగ చేల మధ్య బతికిన మనిషికి అది పుస్తకంలో చదవాల్సిన విషయం కాదు.

ఇంజన్ ఆగగానే ముక్కు కిందికి వంచాలి. చెయ్యి మాత్రం పైకి లాగమంటుంది, నేల దగ్గరవుతుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. లాగితే వేగం పోతుంది, వేగం పోతే రెక్క గాలిని పట్టుకోలేదు. గిరగిరా తిరుగుతున్న ప్రొపెల్లర్ కూడా విమానాన్ని వెనక్కి లాగుతుంటుంది. దాని రెక్కల కోణం మార్చితే ఆ లాగుడు కొంత తగ్గుతుంది. టేకాఫ్ అయిన వెంటనే ఆగితే మరీ టెన్షన్. వెనుక రన్‌వే ఉంది కదా అని తక్కువ ఎత్తులో మలుపు తిప్పి చనిపోయిన పైలట్లు ఎందరో. ఎదురుగా ఏ చేను ఉంటే అందులో దిగినవాళ్లు ఎక్కువగా బతికారు.

ఇక్కడే నాకు గట్టిగా చెప్పాలనిపిస్తుంది. కోట్ల విలువ చేసే విమానం, ప్రపంచంలో మిగిలినవే కొన్ని. దాన్ని చెక్కుచెదరకుండా తేవాలని పైలట్‌కు ఉండటం సహజం. కానీ మాకు అక్కర్లేదు. నెలల తరబడి నా చేత్తో బిగించిన ఇంజన్ అయినా సరే, పొలంలో పడేసి రా నాయనా అనే అంటాను. రేకు వంగితే సాపు చేసేవాళ్లం ఉన్నాం.

అలా పొట్ట మీద దిగిన మస్టాంగ్ ఒకటి మా దగ్గరికి వచ్చింది. మస్టాంగ్‌కు పొట్ట కింద రేడియేటర్ గాలి గూడు ఉంటుంది, ముందుగా నలిగేది అదే. అందులో మట్టి, గోధుమ కంకులు గట్టిగా కూరుకుపోయి ఉన్నాయి. మొదటి రోజంతా మట్టి తీయడమే. నాలుగు లోహపు ప్రొపెల్లర్ రెక్కలూ వెనక్కి ముడుచుకున్నాయి. ఆ దెబ్బ ఇంజన్ లోపల తిరిగే ప్రధాన ఇరుసు, క్రాంక్‌షాఫ్ట్ దాకా పోతుంది కాబట్టి ఇంజన్ మొత్తం విప్పాల్సిందే. చెక్కతో చేసిన ప్రొపెల్లర్ ఉండే స్పిట్‌ఫైర్‌లో ఆ ప్రొపెల్లర్ రెక్కలు ముక్కలైపోతాయి, దెబ్బ లోపలికి తక్కువగా వెళుతుంది. విప్పిన క్రాంక్‌షాఫ్ట్‌ను అయస్కాంతీకరించి, మెరిసే ఇనుప రజను కలిపిన ద్రవం పోసి, చీకటి గదిలో అల్ట్రావయొలెట్ లైటు కింద అంగుళం అంగుళం చూస్తాం. పగులుంటే పచ్చటి గీతలా వెలుగుతుంది. ఆ రోజు ఏ గీతా కనబడలేదు. షెడ్డులో పెద్దవాళ్లు టీ కప్పులు పక్కన పెట్టి నా భుజం తట్టారు.

వాళ్ల దగ్గరే నాకు ఇంకో సంగతి తెలిసింది. 1940లో స్పిట్‌ఫైర్లు నడిపిన బ్రిటిష్ వైమానిక దళపు 234వ స్క్వాడ్రన్‌కు 'మద్రాస్ ప్రెసిడెన్సీ' అనే పేరు ఉండేది. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లిన విరాళాలకు గుర్తింపుగా పెట్టిన పేరు. అప్పట్లో కర్నూలు, అనంతపురం, కడప అందులోవే. అది తెలిశాక ఆ షెడ్డులో నాకు పరాయితనం కాస్త తగ్గింది.

చిన్నాయన అంతా విని చివరికి అడిగాడు: "మరి ఆ రైతుకు పంట నష్టం ఎవరిచ్చినారు?"

అక్కడ 1982 పౌర విమానయాన చట్టం ప్రకారం, విమానం వల్ల నేల మీద నష్టం జరిగితే తప్పు ఎవరిదని నిరూపించకుండానే యజమాని చెల్లించాలి. అందుకు బీమా తప్పనిసరి. ఆ మాట చెప్పాక, ఎకరాకు ఎన్ని బస్తాల లెక్కన కడతారో కనుక్కుని ఫోన్ చెయ్యమన్నాడు.